ఇసుక కాపడంతో వెన్నుపాము అతుక్కోదు

వారం రోజుల్లో ఆ సందేశం నాకు నలుగురు పంపారు. "కొబ్బరి చెట్టు మీద నుంచి పడి కాళ్లు చచ్చుబడినవారికి 41 రోజుల్లో నడక" అని పైన, "పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి" అని కింద. పంపినవాళ్లంతా మా కోనసీమవాళ్లే, మంచివాళ్లే. చెప్పక తప్పదు కనుక రాస్తున్నాను.

పడినవాడిని వెంటనే లేపి నాలుగడుగులు వేయించాలట. వద్దు. విరిగిన పూస ఆ కదలికలో జరిగి వెన్నుపామును ఇంకా నలిపేస్తుంది. మన గోదావరి లంకల్లో నులక మంచం మీద పంటు (ఏరు దాటించే పడవ) దాకా మోసుకెళ్లే అలవాటు కూడా మానాలి. నులక కుంగితే నడుమూ వంగుతుంది. తలుపు రెక్క ఊడదీయండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి దాని మీదికి దొర్లించండి.

కొబ్బరి పువ్వు తింటే నరాలు పెరుగుతాయట. పెరగవు.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట: "స్పర్శ వచ్చేవరకు రోజూ వేడి ఇసుకతో కాపడం పెట్టండి." మా వీధిలో కాళ్లు చచ్చుబడిన ఒక కొబ్బరి దింపు కార్మికుడికి ఆయన భార్య సరిగ్గా అదే చేసింది. ఇసుక వేయించి, పాత పంచెలో మూటకట్టి మడమకు అద్దుతూ "తెలుస్తోందా అండీ?" అని అడిగింది. "లేదు, ఇంకాస్త వేడి చెయ్యి" అన్నాడాయన. తెల్లారేసరికి మడమ మీద నిమ్మకాయంత బొబ్బ. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. స్పర్శ లేని చర్మం కాలకుండా ఉండదు, కాలినట్టు చెప్పదు, అంతే. ఒకే పక్కన పడుకోబెట్టినా ఇదే కథ. మడమ, తుంటి, పిరుదుల మధ్య ఎముక ఉన్నచోట నెత్తురు ఆడక చర్మం కుళ్లుతుంది. ఆ పుండు ఎముక దాకా పోయి ప్రాణం తీయగలదు. ఇంత నష్టం చేసే సలహాను పుణ్యమని ఎలా పంచుతారు?

కాళ్లు అదిరితే నరం అతుక్కుంటున్నట్టు కాదు. గాయం కింద మిగిలిన వెన్నుపాము మెదడు అదుపు లేకుండా తనంతట తాను కండరాలను లాగుతోంది.

"గొట్టం అవసరం రాకుండా నీళ్లు తగ్గించండి" అన్నది మరో ప్రమాదం. నీళ్లు తగ్గించినా మూత్రాశయం నిండుతూనే ఉంటుంది. నిండిన సంగతి చెప్పలేని మూత్రాశయం నుంచి ఒత్తిడి మూత్రపిండాల మీద పడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో ఖాళీ చేయాలి. మెడకో, ఛాతీ పైభాగానికో గాయమైతే నిండిన మూత్రాశయమే రక్తపోటును ప్రాణాంతకంగా పెంచగలదు.

ఒక్క మాట మాత్రం ఆ సందేశంలో నిజం: ఆపరేషన్ చేయించినా కాళ్లు వస్తాయన్న హామీ లేదు. అది పూసలను నిలబెడుతుంది, ఒత్తిడి తీస్తుంది. వెన్నుపామును కుట్టలేదు. ఈ సంగతి ఆసుపత్రిలో మొదటి రోజే విడమరచి చెప్పకపోవడం వల్లే మనవాళ్లు ఇలాంటి సందేశాలను నమ్ముతారు. గాయం అసంపూర్ణమైతే, అంటే గాయం కింద కొంత స్పర్శో కదలికో మిగిలి ఉంటే, మొదటి నెలల్లో కొంత బలం దానంతట అదే తిరిగి రావచ్చు. 41 రోజుల్లో లేచి నడిచినవారు నిజంగా ఉంటే, వారిని లేపింది ఇసుక మూట కాదు.

ఆ దింపు కార్మికుడి ఇంట్లో ఇప్పుడు గడియారం కింద ఒక పలక వేలాడుతోంది. ఆయన్ని ఎప్పుడు ఎటు తిప్పి పడుకోబెట్టాలో తెలిసేలా ఎడమ, వెల్లకిల, కుడి అని భార్య సుద్దతో రాసి, పక్కన రెండేసి గంటల తేడాతో వేళలు వేసింది. ఆమెను అడిగి ఆ పలకను ఫొటో తీసి, నాకు సందేశం పంపిన నలుగురికీ పంపాను.