బోర్లలో ‘అమెరికా కెమికల్స్’ పోస్తున్నారన్న ప్రచారం సంగతి

“ఎండిన బోర్లకు హైడ్రో ఫ్రాక్చరింగ్ పేరుతో అమెరికా గ్యాస్ బావుల్లో వాడే వెయ్యి కెమికల్స్ ఎక్కిస్తున్నారు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ వాటి పుణ్యమే” అని ఒక మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతోంది. హైడ్రో ఫ్రాక్చరింగ్ అంటే ఒత్తిడితో నీళ్లు పంపి లోపలి రాతిలో పగుళ్లు తెరవడం.

“వెయ్యి కెమికల్స్”: అంకె ఉత్తిది కాదు. 2005–2013 మధ్య వాడినట్టు అమెరికా పర్యావరణ సంస్థ 2016 నివేదికలో లెక్కించినవి 1,084. కాకపోతే అది అన్ని బావులదీ కలిపి. ఒక్కో బావిలో సాధారణంగా 4 నుంచి 28. “నీళ్లలో అవి ఒకటి రెండు శాతమేగా” అనే ఎదుటి వాదనా తేలికైనదేం కాదు: బావికి 50 లక్షల లీటర్లు పంపితే అర శాతమన్నా 25 వేల లీటర్లు. అక్కడి భయానికి కారణముంది.

“మన బోర్లలోనూ అవే”: ఇదే అసలు తప్పు. అక్కడ ఆ గ్యాస్ బావులు వేసేది షేల్ అనే మెత్తటి పొరరాయిలో. పగిలిన సందు మళ్లీ మూసుకుంటుంది కాబట్టి అందులో ఇసుక కూరాలి. ఇసుక అడుక్కి దిగిపోకుండా మోయడానికి గోరుచిక్కుడు గింజల జిగురు, పని అయ్యాక దాన్ని పలచన చేయడానికి పర్‌సల్ఫేట్, జిగురు తిని పెరిగే బ్యాక్టీరియాను చంపడానికి గ్లూటరాల్డిహైడ్. మన మెట్టలో ఉన్నది గ్రానైటు, నైస్ (చారలుండే గట్టిరాయి). పగిలిన ముఖాలు గరుకుగా ఉండి, కాస్త జరిగితే చాలు, మళ్లీ అతుక్కోవు. ఇసుక అక్కర్లేదు, దాంతో జిగురూ, మిగతావీ అక్కర్లేదు. అనవసరంగా అంత ఖర్చు ఎవడు పెడతాడు?

ఇక్కడ జరిగేది ఇది: మోటారు పైకి తీసి, కంప్రెషర్‌తో బోరు ఫ్లష్ చేస్తారు. కేసింగ్ కింద, పగుళ్లు లేని గట్టి రాతిలో బోరును బిరడాలా మూసే రబ్బరు ప్యాకర్ బిగించి ట్యాంకర్ నీళ్లు ఒత్తిడితో పంపుతారు. ప్రెషర్ మీటరు ముల్లు పైకెక్కి ఒక్కసారిగా పడిందంటే జల దారి తెరుచుకున్నట్టు. ప్యాకర్‌ను పగుళ్ల మీదో, కేసింగ్ దగ్గరి మెత్తరాతిలోనో బిగిస్తే నీళ్లు పక్కనుంచి పైకి తన్నుకొస్తాయి, పని దండగ. కలిపేదల్లా క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్, అదీ చెరువు నీళ్లు తెస్తే మరీ ముఖ్యం. నిజమైన ముప్పు మురికి ట్యాంకరే.

“నీళ్లు తెల్లగా వచ్చాయి”: అది కెమికలేమోనని అనుమానముంటే గ్లాసులో పట్టి చూడండి. తెలుపు కిందినుంచి పైకి తేటపడితే గాలి బుడగలు, పైనుంచి తేటపడి అడుగున పేరుకుంటే రాతిపొడి. పొడి అయితే తేటపడేదాకా తోడి వదిలేయాలి.

“ఫ్లోరైడ్ వాటివల్లే”: ఉమ్మడి ప్రకాశం పడమటి మెట్టలో ఫ్లోరైడ్ వచ్చేది బయోటైట్, అపటైట్ లాంటి రాతి ఖనిజాల నుంచి. నీళ్లలో కాల్షియం తక్కువైన చోట అది ఇంకా ఎక్కువ కరిగి ఉంటుంది. ఒక్క మాట ఒప్పుకోవాలి: కొత్తగా తెరిచిన పగులు అప్పటిదాకా బోరులోకి రాని లోతు నీళ్లను తేవచ్చు, వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువా ఉండొచ్చు. అందుకే పనికి ముందొకసారి, తర్వాత నాలుగైదు రోజులు తోడాక ఇంకోసారి పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు వాడకానికే, తాగడానికి కాదు.