ఎక్కాలు వచ్చిన న్యాయం

అమెరికా ఫెడరల్ చట్టం కఠినమని తిట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్లకు చట్టం తెలియక కాదు, లెక్కలు రాక. డ్రగ్సూ తుపాకీ కలిసిన కేసులో కోపం, కరుణ లాంటి నిలవుండని సరుకులతో పనేముంది? ఒక కాటా, ఒక క్యాలెండరు చాలు.

ముందు కాటా సంగతి. కొకైన్ 500 గ్రాములుంటే కనీసం 5 ఏళ్లు, 5 కిలోలుంటే కనీసం 10. ఫెంటనిల్ అనే మత్తుమందు కలిసిన పొడికైతే 40 గ్రాములకే అయిదు, 400కి పది. 499 గ్రాముల కొకైన్‌తో దొరికినవాడికి కనీస శిక్ష అంటూ లేదు. ఆ ఒక్క గ్రాము ఖరీదే అయిదేళ్లు. పైగా తూచేది మందునొక్కదాన్నే అనుకునేరు. చట్టం మిశ్రమం అంది కాబట్టి కల్తీ కూడా లెక్కలోకే వస్తుంది. 1991 నాటి చాప్‌మన్ కేసులో వెయ్యి డోసుల ఎల్ఎస్‌డీ బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. దాన్ని అద్దిన కాగితంతో కలిపితే 5.7 గ్రాములు. అయిదేళ్ల శిక్షకు ఒక గ్రాము కావాలి. కాగితాన్నీ కాటాకెక్కించమంది సుప్రీంకోర్టు. గోనెసంచి బరువును బియ్యంలో కలిపేసే రేషన్ డీలరును మనవాళ్లు ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నారు.

క్రాక్ (పొగగా పీల్చే గడ్డల కొకైన్) విషయంలో మాత్రం ఎక్కం కాస్త తడబడింది. 5 గ్రాముల క్రాక్‌కీ 500 గ్రాముల కొకైన్ పొడికీ ఒకే శిక్ష అంది 1986 చట్టం. రెండింట్లో ఉన్న మందు ఒకటే. ఇది అన్యాయమని ఒప్పుకోవడానికి 24 ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక 2010లో 100కి 1 నిష్పత్తిని 18కి 1 చేశారు. ఆ పద్దెనిమిది ఏ శాస్త్రంలోదని అడక్కండి, సెనేట్‌లో బేరమాడితే తెగిన అంకె.

ఇక తుపాకీ. సెక్షన్ 924(సి) ప్రకారం డ్రగ్స్ వ్యాపారంలో తుపాకీ వాడినా, దానికి అండగా ఉంచుకున్నా 5 ఏళ్లు, చూపించి బెదిరిస్తే 7, పేలిస్తే 10. మెషిన్ గన్నో సైలెన్సరో అయితే 30. ఇవి డ్రగ్స్ శిక్షతో పాటు సాగవు, దాని తోకకు తగులుకుంటాయి. స్మిత్ అనే పెద్దమనిషి తన మ్యాక్-10 తుపాకీ ఇచ్చి 2 ఔన్సుల కొకైన్ తీసుకుందామని మారువేషంలో ఉన్న పోలీసుతో బేరమాడాడు. ఎవరికీ గురిపెట్టలేదు. అయినా సరుకుగా వాడటమూ వాడకమేనంది 1993లో సుప్రీంకోర్టు. ఆ తుపాకీ ఆటోమేటిక్‌గా మార్చినది, సైలెన్సరూ ఉంది, కాబట్టి 30 ఏళ్లు. వాట్సన్ అనే ఇంకొకడు ఇదే బేరాన్ని అటువైపు నుంచి చేశాడు: మాత్రలిచ్చి పిస్తోలు పుచ్చుకున్నాడు. పుచ్చుకోవడం వాడకం కాదంది 2007లో అదే కోర్టు. అటువైపున్నవాళ్లు సంబరపడనక్కర్లేదు. 1998లోనే అమెరికా కాంగ్రెస్ తుపాకీ కలిగి ఉండటాన్ని కూడా సెక్షన్‌లో చేర్చింది. వాడకం కింద తప్పించుకున్నవాణ్ని ఆ దారిన లాక్కొస్తున్నారు.

కలిగి ఉంటే సరిపోదు, అది వ్యాపారానికి పనికొచ్చేలా ఉండాలి. తూటాలు నింపి ఉందా, సరుకు పక్కనే ఉందా, చేతికి అందేలా ఉందా, దొంగసొత్తా అని అప్పీలు కోర్టులు ఆరా తీస్తాయి. అటకమీద తాళంపెట్టెలో ఉన్న వేటతుపాకీ, పొట్లాల పక్కన పరుపు కింద దొరికిన పిస్తోలు ఒకటి కావు. డిఫెన్స్ లాయరు చెమటోడ్చేది ఇక్కడే.

మన గణితంలో కలికితురాయి మాత్రం యూటాలో వెల్డన్ ఏంజెలోస్ కేసు. పోలీసుల ఇన్‌ఫార్మర్‌కి అరపౌను చొప్పున మూడుసార్లు గంజాయి అమ్మాడు, ఒక్కో దఫాకి 350 డాలర్లు. తుపాకీ దగ్గరుందన్నారు, తీసి బెదిరించాడని ఎవరూ అనలేదు. నేరం ఒప్పుకుంటే 15 ఏళ్లతో సరిపెడతామంది ప్రాసిక్యూషన్. కుర్రాడు విచారణ కావాలన్నాడు. వెంటనే కొత్త అభియోగపత్రం వచ్చింది, తుపాకీ అభియోగాలు పెరిగాయి. 2004లో శిక్ష పడింది: మొదటి తుపాకీ అభియోగానికి 5, రెండోదానికి 25, మూడోదానికి 25, మొత్తం 55 ఏళ్లు. ఇది అన్యాయం, క్రూరం, అర్థరహితం అని తీర్పులో తానే రాసి మరీ జడ్జి పాల్ కాసెల్ ఆ శిక్ష వేశారు. అదే రోజు ఒక వృద్ధురాలిని దుంగతో కొట్టి చంపినవాడికి ఆయనే వేసింది సుమారు 22 ఏళ్లు. ఏంజెలోస్ 2016లో బయటికొచ్చాడు, 2020 డిసెంబరులో క్షమాభిక్ష దక్కింది. మధ్యలో 2018లో చట్టం మార్చారు: అంతకుముందే ఒకసారి ఆ సెక్షన్ కింద శిక్ష ఖాయమైనవాడికే ఇప్పుడు ఆ 25. కొత్త లెక్కన మూడు అయిదులు పదిహేను. అక్షరాలా మొదట్లో బేరం పెట్టిన అంకె. విచారణ అడగడానికి రుసుము 40 ఏళ్లని తెలిశాక, ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడేవాళ్లలో నూటికి సుమారు 97 మంది నేరం ఒప్పుకునే ఎందుకు వస్తారో వేరే చెప్పాలా?

విచారణలో గెలిచినా లెక్క తప్పదు. 1997 వాట్స్ కేసులో తుపాకీ నేరం రుజువు కాలేదంది జ్యూరీ. రుజువయ్యే ఉంటుందని తోచి జడ్జి శిక్ష పెంచాడు. సుప్రీంకోర్టు తప్పులేదంది. జ్యూరీ కొట్టేసిన ఆరోపణను లెక్కలోంచి తీసేయాలని, శిక్షల మార్గదర్శకాలు రాసే సెంటెన్సింగ్ కమిషన్‌కి తోచింది 2024లో, అది అమల్లోకి వచ్చింది ఆ నవంబరులో.

డ్రగ్స్ జోలికే పోని మనవాళ్లకూ ఇందులో వాటా ఉంది. డల్లాస్‌లో షూటింగ్ రేంజికి వెళ్లి ఫోటో పెట్టే హెచ్-1బి, ఎఫ్-1 వీసాదారులు సెక్షన్ 922(జి) చదివిన దాఖలాలు లేవు. ఇలాంటి వలసేతర (తాత్కాలిక) వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం నేరం, గరిష్ఠంగా 15 ఏళ్లు. నిర్వచనంలో ఖాళీ తూటాడొప్ప కూడా మందుగుండే, గుర్తుగా జేబులో వేసుకునేవాళ్లు గమనించాలి. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ బెడద లేదు. ఇది రాష్ట్రం గొడవ కదా అంటారేమో. తుపాకీ ఆస్ట్రియాలో పుట్టి టెక్సస్‌లో దొరికితే చాలు, సరిహద్దులు దాటే వాణిజ్యంలో ప్రయాణించినట్టే, కేసు ఫెడరల్‌దే. తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఏజెంటు బోనెక్కి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి దిగిపోతాడు. చదువు సాగక వీసా పోయిన రెహైఫ్ అనే విద్యార్థి ఫ్లోరిడాలో ఇలాగే రేంజికెళ్లి జైలుకెళ్లాడు. తన హోదా అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు అంది. మీ హోదా మీకు తెలియదని నమ్మించడం కష్టం, దాని రెన్యువల్ కోసం మీరు పడ్డ పాట్లు రికార్డులో ఉంటాయి.

చట్టం నిర్దయగా ఏమీ లేదు, ఒక మినహాయింపిచ్చింది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. జింకను కొట్టాలన్న షరతు లేదు, అడవికి వెళ్లనక్కర్లేదు, శాకాహారులైనా అభ్యంతరం లేదు. రుసుము కట్టి, రాష్ట్రం కోరితే భద్రతా కోర్సు పూర్తిచేసి, లైసెన్సు పర్సులో పెట్టుకుంటే చాలు. గడువు మాత్రం చూసుకోండి. అది తీరిన మరుక్షణం నుంచి బీరువాలో ఉన్న తుపాకీ ఫెడరల్ నేరం. చాలా రాష్ట్రాల్లో రెన్యువల్ ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.