సవరణ: బనానా బ్రెడ్‌లో పండు ముక్కల గురించి

ఈస్ట్ లేకుండా వంటసోడాతో చేసుకునే బనానా బ్రెడ్ మీద రాసిన పోస్టులో, పండు ముక్కలకు పొడి మైదా పట్టిస్తే అడుగుకు దిగవని చెప్పాను. దానికి కొంత వివరణ కావాలి. మైదా పూత ముక్క మీది తడిని పీల్చుకుంటుంది, అంతవరకే. ముక్కను నిలబెట్టేది పిండి చిక్కదనం. గరిటెతో ఎత్తితే ధారగా కారకూడదు, ముద్దలుగా జారాలి. దోసెల పిండిలా పల్చగా ఉంటే ఎంత మైదా పట్టించినా ముక్కలన్నీ అడుగునే చేరతాయి.

ఇంకో సంగతి. అందులో రాసిన ఒక కప్పు పండు అనేది మెదిపిన అరటిపండు గుజ్జు కొలత. దాని బదులు కప్పు అనాస ముక్కలో మామిడి ముక్కలో వేసేయకండి. గుజ్జు ముందే పిండిలో కలిసిపోయి తడినిస్తుంది. ముక్కలేమో ఓవెన్‌లో వేడెక్కాక నీరు వదులుతాయి, అప్పుడు చుట్టూ బ్రెడ్ పచ్చిగా, జిగటగా మిగిలిపోతుంది. అనాసను జల్లెడలో వడకట్టి, పొడిబట్టతో అద్ది, అరకప్పుకు మించకుండా గుజ్జుతో పాటు కలపండి.

బ్లూబెర్రీలు వేసినచోట ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే బూజేమోనని టెన్షన్ పడక్కర్లేదు. పండులోని ఊదా రంగు సోడా క్షారానికి అలా మారుతుంది. కప్పు మైదాకు పావు టీస్పూన్ సోడా చాలు. గడ్డకట్టిన పండ్లయితే కరగనివ్వకుండా చివర్లో వేసి, రెండు మూడుసార్లు మాత్రమే కలపండి. పాత పోస్టులో ఈ కొలతలు మార్చాను.