ఈవీ కొనేముందు సెల్లార్‌లోకి దిగి చూడండి

షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు ముందు కాలిక్యులేటర్ తీస్తాడు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్ ఖర్చు 7 వేల పైమాటే, ఈవీకి, అంటే కరెంటు కారుకు, 1,400. అందులో అబద్ధం లేదు. యూనిట్‌కు 7 కిలోమీటర్లు, కరెంటు యూనిట్ 9.50 వేసుకున్నా దాదాపు అంతే వస్తుంది. కాకపోతే అది ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేవాళ్ల లెక్క.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకు కారు బుక్ చేశాక గానీ సెల్లార్ గుర్తు రాలేదు. మీటర్ బోర్డు ఒక మూల, ఆయన పార్కింగ్ ఇంకో మూల. కేబుల్ లాగుతానంటే అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. వానకు నీళ్లొచ్చి షాక్ కొడితే ఎవరిది బాధ్యత అని ఒకరు, రేపు అందరూ పెడితే లోడ్ ఆగుతుందా అని ఇంకొకరు. రెండూ కొట్టిపారేసే ప్రశ్నలు కావు. పర్మిషన్ వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. అందాకా బయట ఫాస్ట్ చార్జర్లే దిక్కు. యూనిట్ 20 రూపాయల పైనే, ఆదివారం పొద్దున్నే లైన్ అదనం.

కారు కొని, బ్యాటరీకి మాత్రం తిరిగినంత మేర అద్దె కట్టే పద్ధతినీ ఇలాగే చూడాలి. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ ఈవీ 9.99 లక్షలకే అంటూ వచ్చింది. బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 వేరే. పై లెక్కలో నెలకు 3,500 కలిపితే పెట్రోల్ మీద మిగిలేది రెండు వేల పైచిలుకే. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లని షరతు ఉంటే అదీ పోతుంది.

నా దృష్టిలో అసలు ప్రశ్న, కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి 30.2 కిలోవాట్ అవర్ల (అంటే యూనిట్ల) బ్యాటరీ, ఒక్క చార్జింగ్‌కు కాగితం మీద 312 కిలోమీటర్లు. 2024లో అదే పేరుతో 45 కిలోవాట్ అవర్లది వచ్చింది, 489 కిలోమీటర్లన్నారు. ఇక పాతదాన్ని అమ్మబోతే బేరం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నాలుగేళ్లకోసారి కారు మార్చేవాళ్లకు పెట్రోల్‌లో మిగిలింది ఇక్కడ పోతుంది. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చిన రోడ్డు ట్యాక్స్ మినహాయింపు కొంత ఊరటే. అయితే కొత్తది చవకైన మేరకు పాత కారు రేటూ తగ్గుతుంది.

పదేళ్లు నడిపేవాళ్లకు బ్యాటరీ వారంటీయే ప్రాణం. మామూలుగా 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. టాటా, మహీంద్రా కొన్ని మోడళ్లకు ఇస్తున్న 'లైఫ్‌టైమ్' మొదటి ఓనర్‌కే. టాటా లెక్కలో లైఫ్‌టైమ్ అంటే 15 ఏళ్లు. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, ఒక్క సర్వీసు మిస్సయితే ఏమవుతుంది? ఇవి బ్రోచర్‌లో దొరకవు.

మొన్న ఓ షోరూమ్‌లో వారంటీ బుక్ చూపించమన్నాను. బ్రోచర్ ఇచ్చారు. ఇది కాదు బాబూ అంటే, అది డెలివరీ రోజు కారుతో పాటే వస్తుంది సార్ అన్నాడు.