అమ్మ ఫ్యామిలీ కాదట!

చల్లగాలికి ఒక గంట కూర్చోవడానికి ఇన్ని రకాల పాసులా? మహారాష్ట్రలోని మా బల్లార్షా ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సాయంత్రం అమ్మను గార్డెన్‌కి తీసుకెళ్దామని బయల్దేరాను. గేటు దగ్గర బోర్డు: వాకింగ్ పాస్, నెల పాస్, ఏడాది పాస్, ఫ్యామిలీ పాస్, బండికి వేరే. ఏది తీసుకోవాలి? ఫ్యామిలీ పాస్ అడిగితే, "అందులో భార్యాపిల్లలే, అమ్మ రాదు" అన్నాడు కౌంటర్‌లో అతను. అమ్మ ఫ్యామిలీ కాకపోతే ఇంకెవరండీ? సరే, ఆవిడకి నెల పాస్ తీసుకున్నాను. మర్నాడు సాయంత్రం వెళ్తే అది పొద్దున పూటకే పనికొస్తుందట! డబ్బు తీసుకునేటప్పుడు ఈ ముక్క ఎందుకు చెప్పరు? వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు.

మా దగ్గర్లోని పులుల అడవి తాడోబాకి వెళ్లాలన్నా రూల్స్ ఉన్నాయి. కోర్ అంటే అడవి నడిమి భాగం, బఫర్ అంటే దాని చుట్టూ ఉండే భాగం, రెండూ వేర్వేరు. ఏ గేటు, పొద్దున సఫారీయా సాయంత్రమా, ముందే ఎంచుకోవాలి. వానాకాలంలో కోర్ మూసేస్తారు. అక్కడ పులులున్నాయి, అడవికి విశ్రాంతి కావాలి, ఒప్పుకుంటాను. మరి ఊళ్లో గార్డెన్‌కి ఎందుకు?

పైగా బోర్డంతా మరాఠీలోనే. అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో కింద ఒక్క లైను తెలుగులో రాస్తే ఏం పోతుంది?

నిన్న ఆవిడ మోకాళ్ల నొప్పితో గేటు బయటే కూర్చుండిపోయింది. లోపల సగం బెంచీలు ఖాళీ.