నాలుగు కుర్చీలు, వాటి హద్దులు

ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణంలో నాకొక ఇడ్లీ దుకాణం ఉంది. దాని ముందున్న పేవ్‌మెంటు మీద రెండు బల్లలు, నాలుగు కుర్చీలు వేయాలన్న ఆలోచన నాది కాదు. ఆరు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన మా మామగారిది. "అల్లుడు గారూ, మన ఊళ్ళో కాఫీ హోటలు ముందు జనాన్ని కూర్చోబెట్టాలంటే మురుగుకాల్వ మీద ఒక నాపరాయి, దాని మీద ఒక బెంచీ ఉంటే చాలు. మీకు అడ్డం రావడానికి కాల్వ కూడా లేదు. ఇంత శుభ్రమైన చోటు ఊరికే వదిలేశారేమిటి?" అని ఆయన అడిగితే, ఇక్కడ దానికి కౌన్సిలు వారి లైసెన్సు కావాలని చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. సర్వే శాఖలో ముప్పై రెండేళ్ళు గొలుసు లాగి రిటైరైన ఆయన ముఖంలో, ఆ మాట వినగానే, విమానం దిగిన నాటి నుంచి కనబడని కళ కనబడింది.

ఇక్కడి చట్టం చరిత్ర కొంచెం చెప్పాలి. కోవిడ్ కాలంలో, నాలుగు గోడల మధ్య కూర్చుని తినడమే ప్రమాదమైనప్పుడు, బయట కూర్చోబెట్టుకునే అనుమతిని త్వరగా ఇవ్వడానికి 2020 జులైలో ఒక చట్టం చేసి, రుసుము 100 పౌండ్లు మించకూడదన్నారు. 2024 మార్చి 31 నుంచి ఆ ఏర్పాటునే శాశ్వతం చేసి, కొత్త లైసెన్సుకు 500 పౌండ్ల దాకా తీసుకోవచ్చని కౌన్సిళ్ళకు వెసులుబాటు ఇచ్చారు. మామగారు ఆ అంకెను క్షణంలో రూపాయల్లోకి మార్చి, "యాభై వేల పైమాటే! ఇంత డబ్బుకు స్థలం రాసిస్తారా, కూర్చోనిస్తారా?" అన్నారు. కూర్చోనిస్తారనీ, అదైనా రెండేళ్ళకు మించి కాదనీ, వేసే సామాను ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగినదై ఉండాలనీ చెబితే, ఇది కౌలు కన్నా అన్యాయమని తేల్చి, టేపు అడిగారు.

దరఖాస్తుతో పాటు ఒక పటం జతచేయాలి. నేనైతే నాలుగు గీతలు గీసి పంపేవాణ్ణి. ఆయన రెండు రోజులు పేవ్‌మెంటు మీద వంగి కొలిచి, ఉత్తర దిక్కు గుర్తుతో, స్కేలుతో, కుర్చీ కాళ్ళతో సహా ఒక పటం తయారుచేశారు. పేవ్‌మెంటు వెడల్పు 2.7 మీటర్లు, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికీ, పిల్లల బండి తోసుకెళ్ళేవారికీ సాధారణంగా 1.5 మీటర్ల దారి వదలాలి గనక మాకు దక్కేది 1.2 మీటర్ల పట్టీ. ఆ పట్టీకి ఆయన యథావిధిగా హద్దులు రాయించారు: తూర్పు, మంగలి షాపు వారి బోర్డు, పడమర, ఎర్ర తపాలా డబ్బా, ఉత్తరం, రాజబాట, దక్షిణం, మన ఇడ్లీలు. నేను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఇడ్లీలను దుకాణంగా దిద్దాను, అంతే.

దరఖాస్తు పెట్టిన రోజునే, దారిన పోయేవారికి తేలికగా చదవడానికి వీలయ్యేలా, ఒక నోటీసు అంటించాలి. ప్రజలు అభ్యంతరాలు చెప్పుకోవడానికి 14 రోజులు, ఆపైన కౌన్సిలు నిర్ణయించడానికి మరో 14 రోజులు. అప్పటికీ కౌన్సిలు నోరు మెదపకపోతే లైసెన్సు ఇచ్చినట్టే లెక్క. మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారమన్నారు గానీ, ఈ చట్టం మౌనాన్ని పూర్ణాంగీకారం చేసింది. ఇంత ఉదారమైన చట్టాన్ని నేను పాడుచేశాను.

నోటీసును వాన తగలకుండా కిటికీ అద్దానికి లోపలి వైపున అంటించడమే నా తెలివి. అది ఫిబ్రవరి నెల. బయట వణికించే చలి, లోపల తెల్లవారుజాము నుంచి ఆవిర్లు చిమ్మే మూడు ఇడ్లీ పాత్రలు. ఏడింటికల్లా అద్దమంతా తెల్లగా మంచు పట్టేది, నోటీసు ఆ వెనుక ఎక్కడో దైవం లాగా ఉండేది. ఇది కనిపెట్టిన మామగారు నాకు చెప్పకుండా, ఆ ఆవిరి మీద వేలితో "నోటీసు ఇచ్చట కలదు" అని రోజూ రాస్తూ వచ్చారు. లోపలి నుంచి రాశారు గనక బయటివారికి అది తిరగబడి కనిపిస్తుంది. తిన్నగా కనిపించినా ఆ వీధిలో తెలుగు చదవగలిగేది మా ఇంటివాళ్ళమే. పదకొండో రోజున కౌన్సిలు నుంచి ఒక అధికారి వచ్చి, అద్దం ముందు చాలాసేపు నిలబడి, ఈ లిపి ఏమిటని మర్యాదగా అడిగి, మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోమని అంతకంటే మర్యాదగా చెప్పి వెళ్ళారు.

రెండోసారి నోటీసును ప్లాస్టిక్ సంచిలో పెట్టి తలుపుకు బయట అంటించాం. ఒక్క అభ్యంతరమూ రాలేదు. లైసెన్సు వచ్చింది.

మొదటి రోజు వచ్చిన తొలి గిరాకీ ఒక భారీ పెద్దమనిషి. కూర్చుంటూ కుర్చీని కాస్త వెనక్కి జరిపాడో లేదో, నాపరాయి చాలన్న మా మామగారే మంకీ క్యాపుతో, టేపుతో ప్రత్యక్షమై, "సార్, టెన్ సెంటీమీటర్స్, ప్లీజ్" అన్నారు. గొడవవుతుందని నేను సాంబారు గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తాను. తీరా చూస్తే, ఆ పెద్దమనిషి కూడా జీవితమంతా రోడ్లు కొలిచే ఉద్యోగమే చేసి రిటైరయ్యాడట. లేచి టేపు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మా కుర్చీలను సరిచేసి, అంతటితో ఆగక తపాలా డబ్బా దాకా, అటునుంచి వీధి చివరి దాకా కొలుచుకుంటూ పోయారు. బల్ల మీద ఇడ్లీలు చల్లారిపోయాయి. సాయంత్రానికి, మా తూర్పు హద్దు అయిన మంగలి షాపు బోర్డు పద్దెనిమిది సెంటీమీటర్లు దారిలోకి వచ్చి ఉన్నట్టు తేలింది. ఆ సంగతి షాపు యజమానికి ఇద్దరూ కలిసి వెళ్ళి, పటం చూపించి మరీ చెప్పారు.

అప్పటి నుంచి నేను క్షవరానికి పక్క వీధికి వెళ్తున్నాను.