స్టాప్ బటన్ గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ స్టాప్ బటన్ గారి దివ్య సముఖానికి,

వరంగల్ శివారులోని ఒక జిన్నింగ్ మిల్లులో 22 ఏళ్లుగా స్క్రూడ్రైవర్‌ను నమ్ముకుని బతుకుతున్న ఎలక్ట్రీషియన్ నమస్కరించి రాసుకునేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ కుశలం నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు ఎర్రగా ఉండేవారు, ఇప్పుడు వెలిసి గులాబీ రంగులోకి వచ్చారు. ఇందులో రాజకీయమేమీ లేదు, చెమట చేతులు, పత్తి దుమ్ము. మా వైపు కుశలమే కాస్త తక్కువైంది. పోయిన సీజన్లో మా తమ్మి చెయ్యి కాలింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీకు జరుగుతున్న రాజభోగాల గురించి.

దసరా వచ్చిందంటే మిల్లులో మొదటి బొట్టు మీకే. స్టార్టర్ డబ్బాకు బంతిపూల దండ, మీ నెత్తిన పసుపు కుంకుమ, గేటు దగ్గర గుమ్మడికాయ. సేటు స్వయంగా వచ్చి మీకు దండం పెడతాడు. అదే గోడకు అవతల ఎర్తు గుంత ఉంది. వేసవంతా నోరు తెరుచుకుని ఎండిపోతున్నా దాంట్లో చెంబెడు నీళ్లు పోసే దిక్కు లేదు. ప్రాణం కాపాడేది అది, పూజలందుకునేది మీరు.

అయ్యా, ఇన్నేళ్లూ మిమ్మల్ని అడగని ప్రశ్న ఒకటుంది. అసలు మీ ఉద్యోగమేమిటి?

మోటారుకు వెళ్లే కరెంటు మీ దగ్గరికే రాదు. మీ గుండా పోయేది సన్నటి కంట్రోలు వైరు. మిమ్మల్ని నొక్కితే కాంటాక్టర్, అంటే మోటారు కరెంటును నిజంగా కలిపి విడదీసే స్విచ్చి, దాని కాయిల్‌కు కరెంటు ఆగుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు లోపలి కాంటాక్టులను విడదీస్తుంది. అంటే మీరు గేటు మూయమని వాచ్‌మన్‌కు కేకేసే పెద్దమనిషి. వాడు మూశాడా, సగం మూసి కునుకు తీశాడా అని ఏనాడూ తొంగిచూడరు. వాడు బుద్ధిగా మూసినా కాంటాక్టర్ పైన వైర్లు బిగించే టెర్మినళ్ల దగ్గర 415 వోల్టులు గేటు బయట బాకీవాడిలా నిలబడే ఉంటాయి. కానీ మిమ్మల్ని నొక్కగానే మిల్లంతా ఒకటే మాట: "కరెంటు బంద్ జేసిన."

ఇక తమ్మి సంగతి. రాత్రి షిఫ్టు. గాలి ఫ్యాను మోటారు, 7.5 హెచ్‌పీ, బేరింగు పోయి పిల్లి ఏడ్చినట్టు అరుస్తోంది. విప్పి వైండింగ్ షాపుకు పంపాలి. తమ్మి మిమ్మల్ని నొక్కాడు, మోటారు ఆగింది. "బంద్ జేసిన గదన్నా, ఇప్పు" అన్నాడు. నేను టెర్మినల్ బాక్సు మూత తీశాను. తెలివిగలవాడిని కదా, మీటరు కూడా పెట్టాను. ఒకటో టెర్మినల్‌కీ రెండోదానికీ మధ్య సున్నా. రెండుకీ మూడుకీ సున్నా. ఒకటికీ మూడుకీ సున్నా. "ఏం లేదు, ఇప్పు తమ్మీ" అన్నాను. వాడు నట్టు మీద చెయ్యి వేశాడు. మరుక్షణం పత్తిగింజల కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. బతికాడు. రెండు వేళ్లు కాలాయి. ఆ కుప్ప లేకపోతే వాడి వెనక ఉన్నది ఇనుప చట్రం.

తర్వాత కాంటాక్టర్ విప్పి చూస్తే అసలు కథ తెలిసింది. మూడు కాంటాక్టుల్లో రెండు విడిపోయాయి, ఒకటి కాలి అతుక్కుపోయింది. ఒక్క ఫేజుతో మోటారు తిరగదు కాబట్టి బుద్ధిమంతుడిలా ఆగింది. కానీ ఆ ఒక్క ఫేజే వైండింగుల్లోంచి పారి మూడు టెర్మినళ్లకూ చేరింది. మూడింటి మీదా భూమితో పోలిస్తే దాదాపు 240 వోల్టులు. మూడూ ఒకటే ఎత్తులో ఉన్నాయి కనుక వాటి మధ్య తేడా సున్నా. నా మీటరు అబద్ధమాడలేదు, నేను సగమే అడిగాను. మీటరు ముల్లు ఒకటి మోటారు బాడీకి ఆనించి, రెండోదానితో ఒక్కో టెర్మినల్ చూసి ఉంటే అప్పుడే దొరికిపోయేది. ఇది నా తప్పు, మీ ఖాతాలో వేయను. మీరు ఆపుతానన్నారు, ఆపారు.

ఆ రోజు జేబులో మీ చుట్టం టెస్టర్ కూడా ఉంది. పెన్ను కంటే ఎక్కువగా జేబులో తిరిగే ఘనుడు. పట్టపగలు వెలిగినా కనపడడు, చెక్క స్టూలు మీద నిలబడితే సరిగా వెలగడు, లోపలి బల్బు పోతే చెప్పకుండా పోతాడు. దాన్ని నమ్మాలన్నా, మీటరును నమ్మాలన్నా, ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూడాలి, తర్వాత పని దగ్గర చూడాలి, మళ్లీ కరెంటు ఉన్నచోటికి వెళ్లి ఇంకా బతికే ఉందా అని చూడాలి. ఇంత అనుమానం పెళ్లి సంబంధాల్లో కూడా ఉండదంటాడు తమ్మి. ఇప్పుడు వాడే ముందు చూస్తున్నాడు.

కరెంటు శాఖలో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ అనుమతి, తీసుకుంటాడు. అతను దిగివచ్చి తిరిగిచ్చేదాకా సబ్‌స్టేషన్లో ఆ లైన్ స్విచ్చిని ఎవరూ ముట్టకూడదు. మిల్లుల్లో మా ఎల్‌సీ ఒకటే మాట: "అన్నా, జర చూస్తుండు." ఆ చూసే అన్న బీడీకి పోతాడు. అంతలో షిఫ్టు మారుతుంది. కొత్తగా వచ్చినవాడికి ఆగిన మోటారు కనిపిస్తుంది, పక్కనే మీ తమ్ముడు పచ్చ బటన్ నవ్వుతూ కనిపిస్తాడు. బావుల దగ్గర మీ దాయాది ఆటో స్టార్టరైతే మనిషి కోసం కూడా ఆగదు, కరెంటు రాగానే తానే నొక్కుకుంటుంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. అది భూగర్భ జలాల కోసం. మోటారులో చెయ్యి పెట్టినవాడి గురించి చెప్పినా బాగుండేది.

మీకు కోపం రాకూడదు, మీ మర్యాదకు లోటు లేదు. మోటారు పూర్తి లోడు మీద తిరుగుతుండగా మెయిన్ స్విచ్చి లాగినా, ఫ్యూజు పీకినా మొహం మీదే మంట ఎగుస్తుంది. కాబట్టి మొదటి నొక్కు ఎప్పటికీ మీదే. ఆ తర్వాత ఆ మోటారుకు కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చి, ఐసోలేటర్, దించి, తాళం వేసి, పేరు రాసిన చీటీ కట్టి, కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఉంటే వాటి నిల్వ దిగేదాకా ఆగి, టెర్మినళ్లను బాడీతోనూ, ఒకదానితో ఒకటీ కొలిచి, అప్పుడు నట్టు మీద చెయ్యి.

తాళం నా సొంత పైత్యం కాదు. పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌కు జారే వీలున్న స్విచ్చికి తాళం వేసే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లోనే రాశారు. మా మిల్లులో గోదాముకు రెండు తాళాలు, ఆఫీసు బీరువాకు ఒకటి, మంచినీళ్ల డ్రమ్ము దగ్గరి స్టీలు గ్లాసుకు గొలుసు. మెయిన్ స్విచ్చికి మాత్రం దసరా బంతిపూల దండ, అది కూడా ఎండిపోయింది.

చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ షాపులో నా డబ్బులతో 160 రూపాయలకు తాళం కొన్నాను. మొదటిసారి వేసిన రోజు సేటు చూసి, "ఎవని మీద నమ్మకం లేక ఏసినవ్?" అన్నాడు. మీ పేరే చెప్పాను. నవ్వాడు. సాయంత్రం మేనేజరు వచ్చి, అర్జంటుకు పనికొస్తుంది, రెండో తాళంచెవి ఆఫీసులో ఇవ్వమన్నాడు.

అది మిల్లు వెనక బావిలో ఉంది. నేనే వేశాను.

ఇట్లు,
మీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు